సవరణ: డెరింకుయులో 18 అంతస్తులూ చూడనివ్వరు

తుర్కియేలోని కప్పడోకియా భూగర్భ నగరం డెరింకుయులో 18 అంతస్తులూ దిగి చూడొచ్చని ఇంతకుముందు రాశాం. అది తప్పు. సందర్శకులను 8 అంతస్తుల వరకే అనుమతిస్తారు. 85 మీటర్లన్నది మొత్తం లోతుగా చెప్పే లెక్క, మీరు దిగే లోతు కాదు.

గుండ్రటి రాతి తలుపులను బయటి నుంచి మూసేవారన్నదీ పొరపాటే. తిరగలి రాయిలాంటి ఆ బండను లోపలివాళ్లే పక్క గూడులోంచి దొర్లించి దారికి అడ్డం పెట్టేవారు. బయట ఎవరున్నారో లోపలివాళ్లు చూసుకోవడానికే బండ నడుమ చిన్న రంధ్రం ఉందని చెబుతారు.

దిగడం తేలికే, ఎక్కడమే కష్టం. ఇరుకు మెట్లమీద నడుం వంచుకునే నడవాలి. ఎదురుగా గుంపు వస్తే ఆగక తప్పదు. వీపున పెద్ద సంచీ వద్దు, గోడకు రాసుకుంటుంది. ఎండాకాలంలోనూ లోపల చలే, పలచటి స్వెటర్ ఉంచుకోండి. మోకాళ్ల నొప్పులు, ఇరుకంటే భయం ఉన్నవాళ్లు పై అంతస్తులు చూసి వెనక్కి రావడం మేలు.