'ఉక్కు గుండె' మెసేజ్ పంపుతున్న మిత్రులకు

మళ్ళీ వచ్చింది. ఒక గ్రూపులో చదవకుండా దాటేస్తే ఇంకో గ్రూపులో ఎదురొస్తోంది. పైన తాటికాయంత అక్షరాలతో "నిజమైన పోలీసు గుండె ఉక్కుతో చేసింది" అని శీర్షిక. కింద తొమ్మిది పాయింట్లు. చివర "పోలీసులను గౌరవించేవారు మాత్రమే షేర్ చేయండి" అని ఒక తీపి బెదిరింపు. పంపేవాళ్ళలో చాలామందికి పోలీసులంటే నిజంగానే అభిమానం, ఆ సంగతి నాకు తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాను. కానీ ఈ తొమ్మిదింటిలో ఒకటి మనిషి ప్రాణం మీదికి తెచ్చే రకం. దాని దగ్గర తీరిగ్గా ఆగుతాను. ముందు మిగతావి.

"పోలీసు బతుకంతా తూటాల మధ్యే." సినిమాల్లో. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2017లో ప్రచురించిన సర్వేలో దాదాపు ఎనిమిది వేలమంది అమెరికన్ పోలీసులను అడిగితే, శిక్షణలో తప్ప సర్వీసులో ఎప్పుడైనా తుపాకి పేల్చామన్నవాళ్ళు 27 శాతం. తుపాకులకు కొదవలేని దేశంలోనే ఆ లెక్క. 2020లో న్యూయార్క్ టైమ్స్ అక్కడి కొన్ని నగరాల కాల్ రికార్డులు తిరగేస్తే, హింసాత్మక నేరాల మీద పోలీసులు గడిపిన సమయం 4 శాతం దగ్గర తేలింది. మిగతాదంతా ఇంటి గొడవలు, తప్పిపోయిన ముసలివాళ్ళు, ప్రమాదాలు, మనసు చెదిరి రోడ్డున పడ్డవాళ్ళు, కాగితాలు, మళ్ళీ కాగితాలు.

ఆ మిగతాదాన్ని తేలిగ్గా తీసుకోకండి. ప్రమాదంలో ఇరవయ్యేళ్ళ కుర్రాడు పోయాడు. ఇంటికెళ్ళి చెప్పాలి. ఫోన్లో చెప్పకూడదు. గుమ్మంలో నిలబెట్టి చెప్పకూడదు, లోపలికెళ్ళి కూర్చోబెట్టాలి. పేరు ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాలి. "దూరమయ్యాడు", "మన మధ్య లేడు" అని నసగకూడదు. "చనిపోయాడు" అనే అనాలి, లేకపోతే ఆ తల్లి "ఏ ఆస్పత్రిలో ఉన్నాడు?" అని అడుగుతుంది. ఎవరో ఒకరు తోడు వచ్చేదాకా ఆమెను వదిలి రాకూడదు. ఇవన్నీ పద్ధతిగా చేసి బయటికొచ్చేసరికి వైర్‌లెస్‌లో పార్కింగ్ తగాదా. అక్కడ ఇద్దరు పెద్దమనుషులు "ఇంతసేపూ ఏం చేస్తున్నారు, నిద్రపోతున్నారా?" అని నిలదీస్తారు. మొహంలో ఏదీ కనిపించకుండా వాళ్ళ బళ్ళ నంబర్లు రాసుకోవాలి. ఇందులో తూటా ఎక్కడుంది?

"తెల్లవారుజామున లేచి చన్నీళ్ళ స్నానం చేసే పోలీసుకు డిప్రెషన్ రాదు." నైట్ డ్యూటీ దిగేదే తెల్లవారుజామున. సరే, దిగాక చేస్తాడు. తర్వాత?

"ఒంటిమీద కెమెరాలు పెట్టి పోలీసుల చేతులు కట్టేశారు." వాషింగ్టన్ డీసీలో రెండు వేలమందికి పైగా పోలీసులను లాటరీ పద్ధతిలో రెండుగా విడగొట్టి, కొందరికి కెమెరాలిచ్చి కొందరికి ఇవ్వకుండా చూశారు. 2017లో ఫలితాలు వచ్చాయి. బలప్రయోగంలో గానీ ఫిర్యాదుల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కెమెరా ఎవరి చేతులూ కట్టలేదు, ఎవర్నీ దేవుణ్ణీ చేయలేదు.

"నిద్ర మానుకుని పనిచేయడమే అసలైన అంకితభావం." దీనికి కొంచెం కోపం తెచ్చుకోవాలి. పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లోనే 'నేచర్' పత్రికలో వచ్చింది. ఇరవైనాలుగు గంటలైతే ఇంచుమించు దానికి రెట్టింపు. అంటే రాత్రంతా మేలుకుని, తెల్లారి డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలో నిలబడ్డ కానిస్టేబుల్ తన గొట్టంలో తనే ఊదితే సున్నా వస్తుంది. కానీ ఎదురుగా ఉన్న తాగుబోతుకూ ఆయనకూ చురుకులో పెద్ద తేడా ఉండదు. 2011లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన అధ్యయనంలో అమెరికా, కెనడాలకు చెందిన దాదాపు ఐదు వేలమంది పోలీసులను పరీక్షిస్తే 40 శాతంలో ఏదో ఒక నిద్ర రుగ్మత లక్షణాలు కనిపించాయి. ఆ లక్షణాలున్నవాళ్ళే రికార్డుల్లో తప్పులు చేయడం, అనుమానితుల మీదా జనం మీదా అదుపు తప్పి కోప్పడడం ఎక్కువ. ఇక మన దేశంలో కేంద్ర ప్రభుత్వ పోలీసు పరిశోధన సంస్థ బీపీఆర్ అండ్ డీ 2014 నాటి అధ్యయనం చూస్తే, స్టేషన్ సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది రోజుకు ఎనిమిది గంటలు దాటి పనిచేస్తున్నవాళ్ళే. దీన్ని అంకితభావం అనకండి. సిబ్బంది కొరత అనండి. అంకితభావం అంటే ఆ ఖాళీలు ఎవరూ నింపనక్కర్లేదు, భలే చవక.

"ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చునే సైబర్ పోలీసుకు ఒత్తిడేమిటి?" ఈ ప్రశ్న రాసినాయన చేత ఆ గదిలో ఒక్క పూట పని చేయించాలని ఉంది. పిల్లల మీద లైంగిక హింసకు పాల్పడ్డవాడి హార్డ్ డిస్కు పట్టుకున్నాక, అందులో ఉన్నవి ఎవరో ఒకరు చూడాలి. ఏ ఫొటోలో ఏ స్థాయి నేరం ఉందో విడదీసి రాయాలి. ఇంతకుముందే దొరికిన ఫొటోలను యంత్రమే పోల్చి పట్టేసే ఫొటోడీఎన్ఏ లాంటి పరిజ్ఞానం 2009లో వచ్చింది, కొంత నయం. కానీ కొత్త ఫొటోలో ఉన్న కొత్త పిల్లను వెతకాలంటే కంటితో చూడాల్సిందే. అదీ పిల్లను కాదు, వెనక గోడను. స్విచ్ బోర్డు ఏ దేశం రకం? దుప్పటి మీది పూలు ఎక్కడ అమ్ముతారు? మూల పడి ఉన్న సంచి మీద సగం కనబడే అక్షరాలేమిటి? యూరప్ దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్ 2017 నుంచి ఇలాంటి వస్తువులను మాత్రమే కత్తిరించి, గుర్తుపట్టమని జనం ముందు పెడుతోంది. ఆ కత్తిరించే మనిషి మాత్రం పూర్తి ఫొటో చూస్తాడు, గంటలకొద్దీ. అందుకే పద్ధతి తెలిసిన యూనిట్లలో ముందు శబ్దం ఆపి చూస్తారు, బొమ్మను చిన్నది చేసి నలుపు తెలుపులో చూస్తారు, ఇంటికెళ్ళే ముందు గంటలో కొత్త ఫైలు తెరవరు. ఘోరాలు చూశాక మనసును వదలకుండా వేధించే జబ్బు పీటీఎస్‌డీ. దానికి అమెరికా మనోవైద్యులు 2013లో సవరించిన నిర్వచనంలో, పిల్లలపై అకృత్యాల వివరాలు వృత్తిరీత్యా పదేపదే చూడాల్సి వచ్చే పోలీసుల ఉదాహరణే ఇచ్చారు. ఏసీ ఉందా లేదా అని అడగలేదు.

"ఘోరం జరిగిన రోజే అందర్నీ కూర్చోబెట్టి గంటసేపు కక్కిస్తే మనసు శుభ్రపడుతుంది." ఒకప్పుడు నిపుణులూ ఇలాగే నమ్మారు. తర్వాత, వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ సమీక్షకులు ప్రయోగాలన్నీ కలిపి చూస్తే ఇలా ఒక్కసారి కూర్చోబెట్టి కక్కించే డీబ్రీఫింగ్ పీటీఎస్‌డీని ఆపడం లేదు, కొందరికి కీడు చేసే అవకాశమూ ఉందని తేలింది. మాట్లాడాలనుకున్నవాడు మాట్లాడతాడు, వద్దనుకున్నవాణ్ణి బలవంతాన కక్కించకండి. అంతే.

"దొంగలకన్నా పైవాళ్ళే ఎక్కువ చంపుకుతింటారు, నిజమైన పోలీసు అదీ దిగమింగుతాడు." ఇక్కడ ఒక నమస్కారం. వాక్యంలో మొదటి సగం చాలావరకు నిజం. ఈ మెసేజ్ రాసినాయన ఎవరో గానీ స్టేషన్ లోపలి గాలి పీల్చినవాడే. పోలీసు ఒత్తిడిని కొలవడానికి కెనడా పరిశోధకులు 2006లో రెండు వేర్వేరు ప్రశ్నావళులు తయారుచేశారు. ఒకటి శవాలు, షిఫ్టులు, దాడుల గురించి. రెండోది పక్షపాతం, సిబ్బంది కొరత, అర్థంలేని కాగితాలు, పైవాళ్ళ తీరు గురించి. రెండోది మొదటిదానికి ఏమాత్రం తీసిపోదని పోలీసులు మళ్ళీ మళ్ళీ చెబుతూనే ఉన్నారు. బాగుంది కదా, ఇంత నిజం చేతికి చిక్కాక ఆయన ఏం చేశాడు? "దిగమింగు" అన్నాడు. జబ్బు డ్యూటీ చార్టులో ఉంటే మందు కానిస్టేబుల్ గుండెలో వెతుకుతున్నాడు.

ఇక అసలుది. "కౌన్సెలింగ్‌కు వెళ్ళే పోలీసు బలహీనుడు, అలాంటివాడి చేతిలో తుపాకి పెట్టొద్దు."

నిజానికి పోలీసులు భయపడేది సరిగ్గా ఇదే మాటకు. నిద్ర పట్టడం లేదని డాక్టరుతో చెబితే తుపాకి తీసుకుని టేబుల్ డ్యూటీ వేస్తారు, ప్రమోషన్ పోతుంది, క్యాంటీన్లో "మెంటల్" అని పేరు పడుతుంది. కాబట్టి చెప్పడు. తుపాకి నడుముకే ఉంటుంది, లోపలిది లోపలే ఉంటుంది. చూశారా మీ సలహా ఎంత పకడ్బందీగా పనిచేస్తుందో! సాయం అడిగినవాడి చేతిలోంచి తుపాకి తీసేసి, అడగనివాడి చేతిలోనే ఉంచుతుంది. అదీ భద్రత!

అడగనివాళ్ళు ఎందరుంటారంటారా? 2018లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బ్రిటన్‌లో వేలాది పోలీసు సిబ్బందిని సర్వే చేస్తే, ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి పీటీఎస్‌డీ లక్షణాలున్నాయి. వాళ్ళలో మూడింట రెండొంతుల మందికి పైగా తమకు ఆ సమస్య ఉందనే తెలియదు. ఉక్కు అనుకుంటున్నారు పాపం. 2019లో న్యూయార్క్ పోలీసు విభాగంలోనే పదిమంది ఆత్మహత్య చేసుకున్నారు. ఆ తర్వాత ఆ విభాగం చేసిన పనుల్లో ఒకటి, బయటి ఆస్పత్రితో ఒప్పందం చేసుకుని, సంగతి బయటపడకుండా ఉచితంగా కౌన్సెలింగ్ ఇప్పించడం.

ఇంకా పాత ఉదాహరణ కెనడాలోని మాంట్రియల్ నగరం. అక్కడి పోలీసు విభాగం 1997లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. మంత్రాలేం లేవు. పోలీసులందరికీ కొద్దిగంటల శిక్షణ. సూపర్‌వైజర్లకూ యూనియన్ ప్రతినిధులకూ, కుంగిపోతున్న మనిషిని ఎలా గుర్తించాలో ఇంకాస్త లోతుగా. అవతల తోటి పోలీసే ఫోనెత్తే హెల్ప్‌లైన్. చెప్పింది గుట్టుగా ఉంటుందన్న భరోసా. పన్నెండేళ్ళ తర్వాత లెక్క చూస్తే ఆత్మహత్యల రేటు 79 శాతం తగ్గింది. అదే క్యూబెక్ రాష్ట్రంలోని మిగతా విభాగాల్లో తగ్గలేదు. నాలుగు వేలమంది ఉన్న విభాగం, అంకెలు చిన్నవి, కాబట్టి ఆ శాతాన్ని పట్టుకుని ఎగరక్కర్లేదు. కానీ సాయం అడగడం వల్ల ఆ పోలీసులు పనికిరాకుండా పోయారనడానికి అందులో ఆవగింజంత ఆధారమైనా లేదు.

ప్రమాదకర స్థితిలో ఉన్నవాడి ఆయుధం కొన్నాళ్ళు పక్కన పెట్టించాల్సి రావచ్చు. నిజమే. అది శిక్షలా కాక, కాలు విరిగినవాడికి సెలవిచ్చినంత మామూలుగా జరగాలి. మళ్ళీ డ్యూటీకి తిరిగొచ్చే దారి ముందే తెలిసి ఉండాలి. మీరు పంపుతున్న మెసేజ్ మూసేస్తున్నది ఆ దారినే. మీ గ్రూపులో ఏ ఎస్సై అయినా ఉంటే, డాక్టరు దగ్గరికి వెళ్దామా వద్దా అని ఊగిసలాడుతున్న రాత్రి ఆయన ఫోన్లో ఇది టింగుమంటుంది. కింద మీ ముప్పైమంది చప్పట్లు.

మిగిలింది తొమ్మిదోది. "విధుల్లో నేలకొరిగినవాడే అమరుడు." 2021 జనవరి 6న అమెరికా క్యాపిటల్ భవనం మీద మూక దాడి జరిగాక, ఆ రోజు అక్కడ డ్యూటీ చేసిన పోలీసుల్లో కొందరు ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో ఒకాయన మరణాన్ని విధినిర్వహణలో మరణంగా గుర్తించమని భార్య పట్టుబట్టింది. 2022 మార్చిలో గాని గుర్తించలేదు. ఆ ఏడాది ఆగస్టులో చట్టమే మార్చారు. డ్యూటీలో చూసిన ఘోరం తర్వాత అలా పోయినవాళ్ళ కుటుంబాలకు కూడా, కొన్ని షరతులతో, విధుల్లో మరణించినవారికి వచ్చే సాయం అందేలా. మీ తొమ్మిదో పాయింటు మాత్రం ఆయన్ని ఇంకా గేటు బయటే నిలబెట్టింది.