బావి గిరక కాదండీ, గిరిక

మా అమ్మాయికి గిరిక అని పేరు పెట్టాం. అంటే, పెట్టాను. మా ఆవిడ "పలకడానికి బాగానే ఉంది, ఎవరైనా అడిగితే మాత్రం మీరే చెప్పుకోండి" అని ఆ రోజే చేతులు దులుపుకుంది. ఆ మాటలో ఎంత ముందుచూపు ఉందో నిన్న టీకాల కౌంటర్ దగ్గర నిలబడ్డాక గానీ నాకు తెలిసిరాలేదు.

ఇంట్లోవాళ్ల అభిప్రాయాలు ఎప్పుడో వచ్చేశాయి. అత్తయ్యగారు "గిరిజ అని వినపడింది బాబూ, నా చెవులే సరిగా లేవు" అని నెపం తన చెవుల మీదే వేసుకున్నారు. అన్నయ్య "బావి గిరకా?" అన్నాడు. కాదురా, వసుచరిత్ర నాయిక, రామరాజభూషణుడు 16వ శతాబ్దంలో రాశాడు, పంచకావ్యాల్లో ఒకటి అని చెప్తే, "మరి అప్పటినుంచీ ఇంకెవరూ ఎందుకు పెట్టుకోలేదంటావ్?" అన్నాడు. దీనికి జవాబు ఇంకా వెతుకుతూనే ఉన్నాను.

సరే, కౌంటర్. అవతల కూర్చున్నాయన తల ఎత్తకుండానే "పాప పేరు?" అన్నాడు.

"గిరిక."

టకటకా కొట్టి, "గిరిజ" అన్నాడు.

"జ కాదండీ, క."

"కిరిజ?"

"గి, రి, క. కలం క."

"కలాలెక్కడివండీ, ఇప్పుడంతా కంప్యూటరే. ఇంతకీ ఏం పేరది, అర్థమేంటి?"

ఆ ఫారంలో అర్థం రాసే గడి లేదు, ఆయనకెందుకు చెప్పాలి అని ఇప్పుడనిపిస్తోంది. అప్పుడు అనిపించలేదు, ఎందుకంటే ఎవరైనా అర్థం అడక్కపోతారా అని మూడు నెలలుగా కాచుక్కూర్చున్నవాణ్ణి నేనే. మొదలుపెట్టాను. శుక్తిమతి అని ఒక నదండీ, కోలాహలం అని ఒక పర్వతం, ఆ పర్వతం నది మీద మనసుపడి (పిల్లలున్నారని ఇక్కడ కాస్త మెత్తగా చెప్పాను, భారతంలో ఇంత మెత్తగా ఉండదు) దారికి అడ్డం పడిపోయింది. వసురాజు వచ్చి కొండని కాలితో ఒక్క తన్ను తన్నాడు, నది బయటపడింది. ఆ కొండకీ నదికీ పుట్టిన అమ్మాయే గిరిక, రాజు ఆమెనే పెళ్లి చేసుకున్నాడు. చెప్తూ చెప్తూ గొంతు పెంచానేమో, లైనంతా వింటోంది, ఒకాయన ఫోన్ కూడా పక్కన పెట్టాడు. నాకు ఇంకా హుషారొచ్చింది.

వెనకనుంచి ఒక పెద్దావిడ అడిగింది. "అంటే మామగారిని కాలితో తన్ని పిల్లని చేసుకున్నాడా?"

వసుచరిత్రని ఇన్నేళ్లుగా ఇష్టపడుతున్నాను గానీ, ఈ కోణంలోంచి ఒక్కసారి కూడా చూడలేదు. అందరూ పాప వంక చూశారు, తర్వాత నా వంక, తర్వాత కచ్చితంగా నా నడుం వంక. రేపు తన్నులు తినాల్సిన కొండని నేనే కదా. ఏదో ఒకటి అనాలని "అప్పటికింకా మామగారు కాలేదండీ, ఉత్త కొండే" అన్నాను. కౌంటర్ ఆయన అప్పుడు తల ఎత్తాడు, మొదటిసారి.

ఇంటికొచ్చి చూస్తే కార్డు మీద నిక్షేపంగా గిరిజ అని ఉంది. దిద్దాలంటే మళ్లీ వెళ్లాలట, వేరే కౌంటరట, కథ విన్నంతసేపూ ఆ వేళ్లు ఏం కొట్టినట్టో!

సాయంత్రం బాబాయికి ఫోన్ చేశాను, సంస్కృతం చదువుకున్న మనిషి, ఆయనైనా నా పక్షాన ఉంటాడని. అంతా విని, "అమరకోశం చూసుకోలేదట్రా? గిరికా బాలమూషికా" అన్నాడు. ఎలుకపిల్ల. ఫోన్ స్పీకర్లో ఉంది.

మా ఆవిడ అప్పటినుంచీ దాన్ని చిట్టెలుకా అనే పిలుస్తోంది. గిరికా అని నేను మూడు నెలలు పిలిచినా ఉలకని పిల్ల, ఆ పిలుపుకి మాత్రం పడీపడీ నవ్వుతోంది.