మాత్రల పట్టీ ఎవరి చేతిలో?

(చెల్లెలు ఆరు వారాలుగా డిప్రెషన్‌కి మందు వాడుతోంది. అన్న ఏదో చదివొచ్చి, ఆమె మాత్రల పట్టీ చేతిలోకి తీసుకున్నాడు.)

అన్న: మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గితే డిప్రెషన్ వస్తుందని కదా ఇన్నాళ్లూ చెప్పారు? 2022లో పాత పరిశోధనలన్నీ కలిపి చూస్తే దానికి గట్టి ఆధారమే లేదని తేలింది. మరి ఈ మాత్ర దేనికి?

చెల్లి: అది మరీ తేలిక చేసి చెప్పిన కథేలే, ఒప్పుకుంటా. కానీ డిప్రెషన్‌కి వచ్చిన మొదటి మందుల్లో ఒకటి అసలు క్షయకి ఇచ్చింది, 1950లలో. రోగులు హుషారవుతుంటే డాక్టర్లు గమనించారు. పని చేయడం ముందు కనబడింది, ఎందుకన్నది ఇప్పటికీ తేలలేదు.

అన్న: మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చినా చాలామందికి తగ్గుతుందట!

చెల్లి: తగ్గుతుంది. 2018లో 522 ట్రయల్స్, లక్షా పదహారు వేలమంది వివరాలు కలిపి 21 మందులు పోల్చారు. అన్నీ ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగే. సగటున తేడా పెద్దదేం కాదు, అదీ నేనే చెప్తున్నా. అందరికీ మొదటి మందే పడదు కూడా.

అన్న: ఆపాటి దానికి మందెందుకే? లేచి నాలుగడుగులు నడువు. దిగులు ఎవరికి లేదు?

చెల్లి: దిగులైతే నవ్వొచ్చే మాటకి నవ్వొస్తుంది అన్నయ్యా. నాకు రాలేదు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ. స్నానానికి లేవాలంటే గంటసేపు లోపల బేరం. నేనెందుకూ పనికిరానన్న మాట తప్ప తలలో ఇంకేం లేదు. ఇలాంటి లక్షణాలు తొమ్మిదిట్లో కనీసం ఐదు, రెండు వారాలకు తగ్గకుండా ఉంటేనే డాక్టర్లు డిప్రెషన్ అని పేరు పెడతారు. నడక మంచిదే, మా థెరపిస్టూ చెప్పింది. కాకపోతే ఆవిడ మొదట నడవమన్నది గుమ్మం దాకా.

అన్న: కుర్రవాళ్లకి ఈ మందుతో చావు ఆలోచనలు పెరగొచ్చని అమెరికాలో హెచ్చరిక ముద్రిస్తారు. తెలుసా?

చెల్లి: తెలుసు. అందుకే మొదట్లో డాక్టర్ వారం వారం రమ్మంది. అంతకుముందే థైరాయిడ్ చూసింది. ఎప్పుడైనా పట్టరాని హుషారు వచ్చిందా అనీ అడిగింది. కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు అలాంటి హుషారు వచ్చే బైపోలార్ జబ్బయితే ఈ మందొక్కటే ఇవ్వడం ప్రమాదం.

అన్న: సరే, ఇప్పుడు బాగున్నావుగా. ఇక మానెయ్.

చెల్లి: అదిగో, అక్కడే వద్దు. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడమన్నారు. ఠక్కున ఆపితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టుండటం.

అన్న: అంటే అలవాటు పడ్డట్టేగా!

చెల్లి: ఒళ్లు అలవాటు పడుతుంది. అలాగని మత్తుమందులా ఇంకా కావాలనిపించదు. మెల్లగా మోతాదు తగ్గించుకుంటూ రావాలి. ఈ ఇబ్బందిని చాలాకాలం చిన్నది చేసి చెప్పారు, ఆ మాటలో నువ్వే గెలిచావు.

అన్న: మళ్లీ ఎప్పుడు వెళ్లాలి?

చెల్లి: ఎల్లుండి. నువ్వూ రా, ఆ సెరటోనిన్ సంగతి నువ్వే అడుగు. ముందు ఆ పట్టీ ఇలా ఇవ్వు, వేళయింది.