మిగిలిన పది శాతానికే డబ్బు

వ్యాపార రహస్యం ఏమిటని మేనేజ్‌మెంట్ పండితులను అడిగితే నాణ్యత అంటారు, నమ్మకం అంటారు, కస్టమరే దేవుడంటారు. అవన్నీ పుస్తకాల మాటలు. అసలు రహస్యం తెలిసినవాళ్లు అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, వార్సా అనే చిన్న ఊళ్లో ఉండేవారు. పోలండు రాజధానికీ ఈ ఊరికీ పేరు తప్ప మరే చుట్టరికమూ లేదు. ఈ.సీ. బిషప్ అండ్ సన్, రైన్‌హార్ట్ ఫాజెన్ అనే రెండు సంస్థలు ఆ ఒక్క ఊళ్లోనే రైఫిళ్లకు చెక్క స్టాకులు చెక్కి, పూర్తి చేయకుండా, పెట్టెల్లో పెట్టి దేశమంతటా పోస్టులో పంపేవి. పూర్తి చేయలేక కాదు. పూర్తి చేస్తే కొనేవాడికి ఏం మిగులుతుంది?

స్టాక్ అంటే భుజానికి ఆనే మడమ మొదలుకొని గొట్టం కింద చేతికి ఆసరాగా సాగే కొస దాకా ఉండే చెక్క. కేటలాగులో బొమ్మ పక్కనే 90 శాతం పూర్తయిందనో, 95 శాతం పూర్తయిందనో గర్వంగా రాసి ఉండేది. హైదరాబాదులో ఏ బిల్డరైనా 90 శాతం పూర్తయిందని చెప్పి తాళాలు చేతిలో పెడితే మనం మర్నాడే రెరా గుమ్మం ఎక్కుతాం. అమెరికన్ వేటగాడు మాత్రం కృతజ్ఞతతో చెక్కు రాసి పంపేవాడు, ఆపైన ఉలుల సెట్టు కొనుక్కునేవాడు. నాగరికతల మధ్య తేడా అంటే ఇదే.

ఇంతకూ ఆ మిగిలిన పది శాతంలో ఏముందో దగ్గరగా చూద్దాం. పెట్టె తెరిస్తే నల్ల అక్రోటు చెక్క, దాని మీద యంత్రం పళ్ల గాట్లు. లోపల రైఫిల్ ఇనుము కూర్చోవలసిన గుంత తవ్వి ఉంటుంది, కానీ ఇనుము కూర్చోదు. వెంట్రుకవాసి తక్కువ తవ్వడమే ఆ సంస్థల నైపుణ్యం. ఎక్కువ తవ్వితే సందు పడుతుంది, దాన్ని పూడ్చడం ఎవరి తరమూ కాదు. కాబట్టి కొనుగోలుదారు ఇనుముకు జిడ్డుగా ఉండే నల్లరంగు పలచగా పూసి, గుంతలో పెట్టి అదిమి, మళ్లీ పైకి తీస్తాడు. లోపల ఎక్కడ నల్ల మచ్చ పడిందో అక్కడ చెక్క ఇనుముకు తగులుతోందని అర్థం. ఆ మచ్చను గీకేస్తాడు. మళ్లీ రంగు, మళ్లీ అదమడం, మళ్లీ మచ్చ. గీకినది కాగితమంత పొర, మిగిలినది ఇంకా కొండంత. కొన్ని వారాలకు వేళ్లు, చొక్కా, తలుపు గొళ్లెం, ఫ్రిజ్ పిడి అన్నీ నల్లబడతాయి. ఇంట్లోవాళ్లు ఆ మరకలను బట్టి ఆయన ఏ గదిలోంచి ఏ గదిలోకి వెళ్లాడో చెప్పగలుగుతారు.

ఇందులో తొందరపడితే జరిగేది చిన్న నష్టం కాదు. రైఫిల్ పేలినప్పుడు వెనక్కి తన్నే బలమంతా ఇనుము కింద ఉన్న బుడిపె మీదుగా చెక్కకు చేరాలి. ఆ బుడిపె వెనక చెక్క సమంగా ఆనకపోతే, ఇనుము తోక భాగం దగ్గర స్టాక్ నిలువునా చీలుతుంది. పిడికిలి పట్టే సన్నటి చోట కలప చారలు వాలుగా ఉన్నా విరుగుతుంది. అందుకే తెలిసినవాళ్లు అక్కడ చారలు తిన్నగా సాగిన చెక్క అడుగుతారు. తెలియనివాళ్లు కొమ్మలు చీలే చోట దొరికే నెమలి ఈకలాంటి నగిషీ అడుగుతారు. ధర కూడా నగిషీని బట్టే పెరుగుతుంది. అందానికి ఎక్కువ ధర, బలానికి తక్కువ ధర అన్న సూత్రాన్ని ఇంత నిజాయితీగా పాటించే మార్కెట్ మరొకటి లేదనుకుంటాను, పెళ్లి మార్కెట్‌ను మినహాయిస్తే.

చరిత్ర తెలిసినవాళ్లకు ఇక్కడ ఒక అనుమానం రావాలి. మసాచుసెట్స్‌కు చెందిన థామస్ బ్లాంచర్డ్ 1819లోనే వంకర టింకర ఆకారాలను చెక్కే లేత్‌కు పేటెంటు తీసుకున్నాడు. ఒక నమూనా స్టాక్ మీద చక్రం పాకుతుంటే, పక్కనే కత్తి అదే ఆకారాన్ని మరో చెక్కలో తీసేది. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారంలో 1820 దశకం నడిమికల్లా ఆయన 14 యంత్రాలు స్టాక్ పనంతా, లోపలి గుంతలతో సహా, నిపుణుడైన వడ్రంగి అవసరం లేకుండా చేసి పెట్టేవి. అంటే చేతిపనిని వదిలించుకోవడానికి మానవజాతి పడిన పాట్లన్నీ ఫలించి నూరేళ్లు దాటాయి. ఆ తర్వాత అదే జాతి చేతిపనిని పోస్టులో డబ్బిచ్చి తెప్పించుకుంది. బ్లాంచర్డ్‌కు ప్రభుత్వం తుపాకీకి 9 సెంట్ల చొప్పున ముట్టజెప్పింది. పాపం, ఆయన అమ్మిన సరుకు పని తగ్గించేది. పని పెంచే సరుకు అమ్మి ఉంటే ఇంకా గడించేవాడు.

ఈ వ్యవహారంలో చట్టం పాత్ర మరీ ఉదాత్తమైనది. 1963 మార్చిలో లీ హార్వే ఓస్వాల్డ్ మారుపేరుతో షికాగో దుకాణానికి కూపన్ పంపి, దుర్భిణితో సహా 19.95 డాలర్ల ఇటాలియన్ రైఫిల్‌ను, తపాలా ఖర్చు 1.50 కలుపుకొని, పోస్టులో తెప్పించుకున్నాడు. అదే ఏడాది నవంబరులో అధ్యక్షుడు కెనెడీకి ఏం జరిగిందో లోకానికి తెలుసు. అయిదేళ్లు ఆలోచించి 1968లో చట్టం చేశారు. రాష్ట్రం దాటి రైఫిల్ నేరుగా మామూలు మనిషి గుమ్మానికి రాకూడదన్నారు. మరి రైఫిల్ అంటే ఏది? ఉపనిషత్తులకు తగిన ప్రశ్న. గొట్టమా? కాదు. చెక్కా? కాదు. నేతి నేతి అనుకుంటూ పోయి చివరికి చట్టం రిసీవర్ దగ్గర ఆగింది. గొట్టాన్ని బిగించి, లోపలి యంత్రాంగాన్ని మోసే ఆ ఇనుప ముక్కే తుపాకీ. తతిమ్మాదంతా మాయ. కాబట్టి యజమాని ఏళ్ల తరబడి నూనె పట్టించి, బుగ్గ ఆనించి, అతిథులకు చూపించి మురిసిపోయే చెక్క, చట్టం కంటికి కుర్చీ కాలితో సమానం. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం విడిభాగాలను కూడా తుపాకీ లెక్కలోనే కట్టింది కాబట్టి ఈ వేదాంతానికి ఇక్కడ చోటు లేకపోయింది.

ఇక ఆర్థిక శాస్త్రం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో పాత సైనిక రైఫిళ్లు, ముఖ్యంగా 1898 నమూనా జర్మన్ మౌజర్లు, కారుచౌకగా దొరికేవి. వాటి బరువైన సైనిక చెక్కను ఊడబీకి మూల పడేసి, వార్సా చెక్క బిగించి, వేట తుపాకీగా మార్చడం అప్పటి మగవాళ్ల శీతకాలపు వ్రతం. కొందరికి అదీ చాలక కాలిఫోర్నియా ఫ్యాషన్ పట్టుకుంది. ముందు కొసకు ఏటవాలుగా అతికిన రోజ్‌వుడ్ ముక్క, మధ్యలో తెల్ల గీత, మడమ దగ్గర మరో తెల్ల గీత, బుగ్గ కింద మాంటే కార్లో అనే మూపురం. రైఫిల్‌కు రెండు రంగుల బూట్లు తొడిగినట్టు ఉండేదని నా అభిప్రాయం. ఫలితం ఏమిటంటే, ఇవాళ సేకరణకర్తలు ఎక్కువ ధర పెట్టేది ఎవరూ ముట్టుకోని సైనిక రైఫిల్‌కే. అంటే చౌకగా కొన్న వస్తువు మీద డబ్బు, శ్రమ, కంటిచూపు వెచ్చించి దాని విలువను సొంత చేతులతో దించారన్నమాట. వడ్డీతో సహా.

సైన్యం ఈ భక్తిలో పాలుపంచుకోలేదు. వియత్నాం తేమకు మెరైన్ల స్నైపర్ రైఫిళ్ల అక్రోటు చెక్క ఉబ్బి వంకర్లు తిరిగింది. గొట్టాన్ని అది ఓ పక్కకు ఒత్తితే గుండు ఎటు పోతుందో గుండుకే తెలియదు. 1970 దశకంలో వాళ్లు ఫైబర్‌గ్లాస్‌కు మారిపోయారు. కంప్యూటర్ మర మీద కోసిన స్టాకులు కూడా ఇప్పుడు వస్తున్నాయి. రెండు మరమేకులు బిగిస్తే చాలు, పని అయిపోతుంది. ఎంత అమానుషం! అరగంటలో పని ముగించిన మనిషి మిగతా శీతకాలమంతా ఇంట్లోవాళ్లతో మాట్లాడవలసి వస్తుందని ఆ ఇంజనీర్లు ఒక్కసారైనా ఆలోచించారా?

సాంప్రదాయవాదికి ఆ ప్రమాదం లేదు. గుంత కుదిరాక చెక్కను తడిపి, లేచిన నూగును ఆరాక గరుకు కాగితంతో తీసి, మళ్లీ తడపాలి. తర్వాత అవిసె నూనె. దానికి పాతకాలపు నియమం ఒకటుంది: వారం పాటు రోజుకోసారి, నెల పాటు వారానికోసారి, ఏడాది పాటు నెలకోసారి, ఆపైన బతికున్నంత కాలం ఏడాదికోసారి. వంద శాతం అన్న అంకె ఈ నియమంలో ఎక్కడా కనిపించదు.

అయినా అందరూ అంతదాకా వెళ్లరు. తుపాకీ సంతల్లో, గ్యారేజీ అమ్మకాల్లో సగంలో ఆగిన స్టాకులు బల్లల మీద వరుసగా పడి ఉంటాయి. ఒక్కో గుంతలో నల్ల మచ్చలు, ఉలి జారిన ఒక గాటు, పెన్సిలు గీతలు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు 90 శాతం పూర్తయిన చెక్క, ఒక మనిషి ఏడాది కష్టపడ్డాక 92 శాతానికి చేరి ఉంటుంది. కొత్తదాని కంటే అది చౌక. బేరమాడితే ఉలుల సెట్టు కూడా కలిపి ఇస్తారు.