తొమ్మిది వోల్టుల దొరకు విన్నపం

నీ బాంచెన్ బ్యాటరీ దొరా,

హనుమకొండ నుంచి నలుగురు డిప్లొమా పోరగాండ్లు రాసుకునేది.

నీ మొఖం మీద 9 అని చూసి నమ్మినం. నల్లగీత పట్టుకొని నడిచే బండి కడ్తున్నం గద, పసుపు మోటార్లు రెండు, బండికి బుర్ర లెక్క పనిచేసే ఆర్డునో బోర్డు ఒకటి, కింద గీతను కనిపెట్టే ఐఆర్ సెన్సార్లు రెండు, అన్నిటికీ నిన్నే పెద్దమనిషిగ పెట్టినం. తెల్లచార్టు మీద ఇన్సులేషన్ టేపుతోని కాకతీయ తోరణం లెక్క దారేసినం. బండిని చేతుల లేపి పట్టుకుంటే చక్రాలు గిరగిర తిరిగినయి. చార్టు మీద పెట్టంగనే బెత్తెడు ఉరికి, కాజీపేట ఔటర్ల గూడ్సు లెక్క ఆగింది. మళ్ల బెత్తెడు. మళ్ల ఆగుడు.

మూడు రోజులు నిన్ను ఒక్క మాట అనలే. కోడ్ రాసినోన్ని తిట్టినం. వాడు మోటారు వేగం 255 (అంటే ఫుల్లు) నుంచి 180కి దించిండు, మళ్ల 255కి ఎక్కిచ్చిండు, సెన్సార్ మీది బుల్లి స్క్రూ అటిటు తిప్పిండు, ఆఖరికి అలిగి మెస్సుకు పోయిండు. సోల్డరింగ్ చేసిన పిల్ల "నా అతుకు ఊడితే ముక్కు కోస్కుంట" అన్నది. నిన్ను వోల్టులు కొలిచే మల్టీమీటర్‌తోని చూస్తే ఠంచనుగ తొమ్మిది!

గుట్టు విప్పింది ములుగు రోడ్డు కాడి ఆటో మెకానిక్ అన్న. "ఖాళీగ కూసున్నోని బలం ఏం చూస్తరు తమ్మీ, లోడ్ పెట్టి చూడుండ్రి" అన్నడు. మోటార్లు తిరుగుతుండంగ చూస్తే ఆరు దాటలే. నీ పొట్టల ఉన్నయి ఒకటిన్నర వోల్టు సెల్లులు ఆరేనట, అవీ పిట్టంతయి. లోపల నిరోధం ఎక్కువ, కరెంటు గుంజితే కూలబడ్తవు. మోటారేమో కదిలే క్షణంలనే ఎక్కువ గుంజుతది. మిగిలిన ఆరుల, మోటార్లను నడిపే ఎల్298ఎన్ బోర్డు ఎనుమాముల మార్కెట్ల అడ్తిదారు లెక్క రెండు వోల్టులు కోసుకునె. అటు నీ వోల్టులు పడిపోయి ఆర్డునోకు ప్రాణం చాలక రీసెట్ అయ్యి, ప్రోగ్రామ్ మొదటి వరుస నుంచి మళ్ల ఎత్తుకునుడు. కోడ్ రాసినోని తప్పేమున్నది, పాపం!

ఇప్పుడు నీ గద్దె మీద 3.7 వోల్టుల లిథియం సెల్లులు రెండు కూసున్నయి. కలిపితే 7.4. అంకె నీకంటె చిన్నదే, బండి మాత్రం తోరణమంతా తిరిగొచ్చింది. (మూలల కాడ రెండుసార్లు గీత తప్పింది, అది మా తప్పే.)

నిన్ను పారేయలే దొరా. నిన్ను పట్టిచ్చిన మల్టీమీటర్ మొన్న ఆరిపోయింది. ఎనక మూత తీస్తే లోపల నీ తమ్ముడే సచ్చి పడున్నడు. నిన్నే అండ్ల పెట్టినం. అంకెలైతే చూపెడ్తున్నవు, నమ్మాల్నో వద్దో సమజైతలేదు.

ఇట్లు,
నీ పాత జీతగాండ్లు