ఏ చక్రమో చెప్పని టైరు దీపానికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ టైర్ ప్రెషర్ హెచ్చరిక దీపం గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఉత్తరాన్ని ఇలా మొదలుపెట్టడం మర్యాద గనుక పెట్టాను గానీ, మా కుశలం ఏపాటిదో తమరికి తెలియనిది కాదు. మొన్న ఆదివారం విజయవాడలో మా బావమరిది కూతురి పెళ్లికని తెల్లవారకముందే హైదరాబాదు నుంచి బయలుదేరి, పంతంగి టోల్‌గేటు దాటి చిట్యాల సమీపిస్తున్న వేళ, స్పీడోమీటరు పక్కన తమరు పసుపుపచ్చగా దర్శనమిచ్చారు. టైరును అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం, దాని నడుమ ఒక ఆశ్చర్యార్థకం. దసరాకు కొన్న కారు కదా, ఆశ్చర్యపోవలసింది మేము. తమరెందుకు ఆశ్చర్యపోతున్నారో ఇప్పటికీ అర్థం కాలేదు.

ముహూర్తం పదిన్నరకు. రోడ్డు పక్కన కారు ఆపి, పట్టుపంచె మోకాళ్ల దాకా ఎగగట్టి, కారు చుట్టూ ప్రదక్షిణ చేసి, నాలుగు టైర్లనూ చెప్పుకాలితో తన్ని చూశాను. రేడియల్ టైర్లు నిండుగా గాలి ఉన్నప్పుడు కూడా నేలను తాకేచోట కాస్త ఉబ్బే కనిపిస్తాయి గనుక, ఏది తగ్గిందో కంటితో తేల్చడం మానవమాత్రులకు సాధ్యమయ్యే పని కాదు. ఉచితంగా గాలి నింపబడును అని పెద్ద అక్షరాలతో బోర్డు ఉన్న పెట్రోలు బంకులో గాలి గొట్టాన్ని చుట్టచుట్టి మేకుకు తగిలించారు. కరెంటు లేదని చెప్పిన కుర్రవాడి వెనకాలే పెట్రోలు పంపులన్నీ నిక్షేపంగా తిరుగుతున్నాయి. ఆ కుర్రవాడికి వేరే ఉత్తరం రాస్తాను.

చివరికి నార్కట్‌పల్లి దగ్గర, చెట్టుకు పాత టైరు వేలాడదీసిన పంక్చరు షాపు కనిపించింది. షాపతను చేతులు తుడుచుకుంటూ వచ్చి అడిగిన మొదటి ప్రశ్న, "ఏ టైరన్నా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఇన్ని లక్షలు పోసి కొన్న కారు దగ్గరా లేదు. ఏదో ఒక టైరని చెబితే, అతను నన్నొకసారి, కారునొకసారి చూసి నవ్వు ఆపుకున్నాడు. తమరి మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇదే.

చెప్పలేని వారిని నేను తప్పుపట్టను. మరికొన్ని కార్లలో ప్రతి చక్రం లోపల, వాల్వు మొదట్లో, బ్యాటరీతో పనిచేసే సెన్సారు కూర్చుని తన గాలి ఎంతో తానే కబురు పంపుతుంది. అటువంటి కార్ల తెరమీద నాలుగు చక్రాలకు నాలుగు అంకెలు విడివిడిగా కనిపిస్తాయి. నా కారు ఆ తరగతిది కాదు, సరే. ఇందులో చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ బ్రేకుల కోసం ఎలాగూ పెట్టిన చక్రాల వేగపు సెన్సార్లనే తమరు అరువు తెచ్చుకుంటారు. గాలి తగ్గిన చక్రం వ్యాసార్థం రవ్వంత కుంచించుకుపోతుంది గనుక, అదే దూరానికి అది మిగతా వాటికంటే కాస్త ఎక్కువ తిరుగుతుంది. ఆ తేడాను పసిగట్టడమే తమరి విద్య. అంటే ఏ చక్రం ఎక్కువ తిరిగిందో లెక్కకట్టిన తర్వాతే కదా తమరు వెలిగేది! పోనీ నాలుగు టైర్లూ సమానంగా చప్పబడితే, పోల్చుకోవడానికి ఏమీ దొరకక తెలుసుకోలేకపోయారంటే అర్థం చేసుకోగలను. ఒక్క టైరే తగ్గినప్పుడు, అది ఏదో తెలిసి కూడా నోరు విప్పకపోవడం ఏమి పెద్దమనిషితనం? ఊరూ పేరూ లేకుండా, ఎవరి మీదో చెప్పకుండా, మీ ఇంట్లో ఏదో సరిగా లేదని మాత్రం రాసి గుండెల్లో రాయి వేసే ఆకాశరామన్న ఉత్తరానికీ తమరికీ తేడా ఏమిటి? ఆకాశరామన్న అయినా అప్పుడప్పుడూ నిందితుడి పేరు రాస్తాడు.

నా డిక్కీలో ఇంకా స్టెప్నీ ఉంది, దేవుడి దయ. ఉండి మాత్రం ఏం లాభం, ఏ చక్రం విప్పాలో తెలియాలి కదా. ఎలక్ట్రిక్ కారు కొన్న మా తోడల్లుడికి ఆ భాగ్యం కూడా లేదు. ట్యూబులెస్ టైర్లు, పంక్చరు కిట్టు, తమరివంటి నిఘా వ్యవస్థ, ఈ మూడూ ఉన్న కారుకు స్టెప్నీ అక్కర్లేదని 2020లో కేంద్రం మోటారు వాహనాల నియమాలను సవరించింది. తమరి మాటను నమ్మి ఒక చక్రాన్నే తీసేశారన్నమాట. అంతటి పూచీ మోసే వారు ఇంత పొడిపొడిగా మాట్లాడతారా?

డ్రైవరు తలుపు పక్కన అతికించిన స్టిక్కరు సంగతి సరేసరి. అందులో రాసిన గాలి ఒత్తిడి, 33 పీఎస్ఐ, చల్లటి టైరుకు వర్తించే అంకె. ఇంటినుంచి బంకు చేరేసరికి టైరు వేడెక్కి, ఆ అంకె ఎటూ కాకుండా పోతుంది.

ఇక రీసెట్ సంగతి. ఇక్కడ నాకు గౌరవవాచకాలు రావడం లేదు, మన్నించు. రెండో ఉచిత సర్వీసుకు కారు ఇచ్చినప్పుడు నువ్వు వెలుగుతున్నావని అక్కడి అడ్వైజరుకు పనిగట్టుకుని చెప్పాను. అతను గాలి గొట్టం ముట్టుకోలేదు, గేజి తీయలేదు. తెరమీద ఒకదాని లోపల ఒకటిగా దాచిన మెనూల్లోకి వెళ్లి, రీసెట్ నొక్కి, అయిపోయింది సార్ అన్నాడు. నువ్వు మారుమాట లేకుండా ఆరిపోయావు! ఆ క్షణాన ఏ టైరులో ఎంత గాలి ఉంటే అదే సరైన గాలి అని ఒప్పుకుని, అక్కడినుంచి దాన్నే కొలమానంగా పెట్టుకున్నావు. నాలుగు టైర్లలో సరిగ్గా గాలి కొట్టించాకే ఆ మీట నొక్కాలని మాన్యువల్‌లో రాసి ఉంది. అది అతనూ చదవలేదు, అతను చదివాడో లేదో నువ్వూ అడగలేదు. నన్ను నడిరోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చోబెట్టిన నువ్వు, గాలి కొట్టకుండానే నోరు మూయించిన వాడికి మాత్రం సలాము కొట్టావు. నన్ను అడిగితే ఇది హెచ్చరిక కాదు, లొంగుబాటు.

ఆదివారం సంగతి మిగిలిపోయింది. పంక్చరు షాపతను నీళ్ల డబ్బా తెచ్చి, ఒక్కో టైరు మీద పోస్తూ చెవి దగ్గర పెట్టి విన్నాడు. వెనుక ఎడమ చక్రం లోపలి వైపు, కంటికి ఆనని చోట, ఒక మర మేకు చుట్టూ సన్నటి బుడగలు లేచాయి. మేకు లాగి, బంక పూసిన స్ట్రిప్ దూర్చి, నాలుగింటికీ 33 కొట్టి ఇచ్చాడు. మేము మంటపానికి చేరేసరికి పెళ్లికొడుకు తలపాగా తీసేసి ఫొటోలకు నిలబడ్డాడు. మా అక్షింతలు నా జేబులోనే ఉండిపోయాయి.

నీ పుట్టుక నాకు తెలుసు. ఫైర్‌స్టోన్ టైర్లు విడిపోయి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లు బోల్తాపడి అమెరికాలో ఎందరో ప్రాణాలు పోయాక, 2000లో అక్కడ చేసిన చట్టం నిన్ను తప్పనిసరి చేసింది. సూర్యాపేట దాటాక నూరు వేగంతో వెళుతుండగా ఆ టైరు పేలి ఉంటే ఈ ఉత్తరం రాసేవాడినే కాదన్నదీ తెలుసు. నువ్వు వెలిగినందుకు కోపం లేదు. సగమే వెలిగినందుకు.

అందువల్ల విన్నపం ఏమనగా, ముందు ఎడమ, ముందు కుడి, వెనుక ఎడమ, వెనుక కుడి అని కింద నాలుగు గళ్లు గీసి పంపుతున్నాను. ఈసారి వెలిగినప్పుడు వాటిలో ఒకదానికి టిక్కు పెడితే చాలు; సంతకం అక్కర్లేదు.

ఇట్లు,
నీ కారు యజమాని