మణికట్టు మీది కల

(నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల గుంట గట్టు మీద, రాత్రి కాపలా వేళ నేను విన్న వాదం ఇది. ఒకరు సైన్సు మాస్టారుగా పదవీ విరమణ చేసిన మేనమామ, మరొకరు నిద్రను కొలిచే గడియారం కొత్తగా కొన్న మేనల్లుడు. కల కంటూ ఉండగానే అది కల అని తెలుసుకునే విద్యకు ఆ గడియారం పనికొస్తుందా అన్నదే తగవు.)

మేనల్లుడు: మామయ్యా, కలలో ఎరుక అనేది గాలికబురు కాదు. 1975లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో, అలన్ వర్స్‌లీ అనే ఆయన నిద్రలో ఉండి, ముందుగా అనుకున్నట్టే కళ్లను కుడి ఎడమలకు తిప్పి పంపిన సంకేతాన్ని కీత్ హెర్న్ అనే పరిశోధకుడు యంత్రం మీద నమోదు చేశాడు.

మామయ్య: ఏ యంత్రమో కూడా చెప్పు. తలకూ, కళ్ల పక్కలా, గడ్డానికీ తీగలు అతికించి, మెదడు తరంగాలనూ కంటి కదలికలనూ కండరాల బిగువునూ చూస్తే గానీ అది రెమ్ నిద్ర, అంటే కళ్లు చురుగ్గా కదులుతూ కలలు ఎక్కువగా వచ్చే నిద్ర, అని తేల్చలేరు. నీ గడియారం కింద మిణుకుమనే ఆ పచ్చ దీపానికి తెలిసేది మణికట్టులో నెత్తురు పారే తీరు, దాన్నిబట్టి గుండె వేగం; ఇక చేతి కదలిక ఒకటి. మిగిలిందంతా ఊహే. మొన్న రాత్రి నువ్వు ఈ నులక మంచం మీద కదలకుండా కూర్చుని, గుంట నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ల చప్పుడు వింటూ ఉంటే, రెండు నుంచి మూడు దాకా తేలిక నిద్ర అని గీత గీసింది గదా!

మేనల్లుడు: పొరబడింది, ఒప్పుకుంటాను. అయినా నాకు కావలసింది రుజువు కాదు, అదను. నిద్ర సుమారు తొంభై నిమిషాల చుట్లుగా సాగుతుందనీ, తెల్లవారే కొద్దీ రెమ్ నిడివి పెరుగుతుందనీ చెప్పింది మీరే. ఆ వేళకు గడియారం సన్నగా వణికితే చాలు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన స్టీఫెన్ లబెర్జ్ కూడా కళ్ల మీది మాస్కులో దీపం వెలిగించి, ఆ వెలుగు కలలోకి చేరేలా సాధనం చేశాడు.

మామయ్య: అదే లబెర్జ్, కల నుంచి లేవగానే దాన్ని నెమరు వేసుకుని, మళ్లీ కల వస్తే కలేనని గుర్తు పడతానని సంకల్పించి పడుకోమన్నాడు. ఆ సంకల్పం లేకపోతే వణుకు కూడా కలలోనే కలిసిపోతుంది. నీ వణుకు ఏమైంది?

మేనల్లుడు: ఏరియేటరు మోటారు అదురుతోందని కలగని, లేచి టార్చి పట్టుకుని గట్టు మీద పరుగెత్తాను.

(ఇక్కడితో మేనల్లుడి పని అయిపోయిందనుకున్నాను గానీ, అతను వదలలేదు.)

మేనల్లుడు: అయితే పగలు గడియారం వణికినప్పుడల్లా అంకెలను రెండుసార్లు చూసి, ఇది కలా నిజమా అని నన్ను నేనే అడుగుతున్నాను. కలలో చదివిన అంకె రెండోసారికి తరచు మారిపోతుంది గనక, ఆ అలవాటు కలలోకీ వస్తే కల అని తెలిసిపోతుంది. మీరు కలలు రాసుకోమనే నోటుబుక్కు నన్ను పగలు పదిసార్లు తట్టి అడుగుతుందా?

మామయ్య: ఆ మాట బాగుంది. పగటిపూట దానితో నాకు పేచీ లేదు, రాత్రిపూటే పేచీ. గడియారం ఇచ్చే నిద్ర మార్కుల కోసం ఆరాటపడి ఉన్న నిద్ర పోగొట్టుకునేవారిని చూసి, 2017లో అమెరికాలో కొందరు నిపుణులు ఆ స్థితికి ఆర్థోసామ్నియా అని పేరు పెట్టారు. నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుందేమోనని నువ్వు ఒంటిగంటకూ నాలుగింటికీ ఎలాగూ లేస్తావు. నాలుగింటికి గుంట చూసి వచ్చాక, ఫోను ముట్టకుండా, కలను రెండు ముక్కల్లో రాసుకుని సంకల్పం చెప్పుకుని పడుకో. ఇంకో అలారం దేనికి?

మేనల్లుడు: మరి కాపలా లేని రాత్రుల్లో?

మామయ్య: అవి వారానికి ఎన్ని?

మేనల్లుడు: రెండు.

మామయ్య: ఆ రెండు రాత్రులూ దాన్ని చార్జింగుకు పెట్టు.